దేవుడి నెత్తిన అపాస్ట్రఫీ
విసుగును ఇంగ్లిష్‌లో రాయాలంటే వ్యాకరణం ఒక్కటే చాలదు

పంపేసిన ఫైలునే అడుగుతూ రాత్రి పదిన్నరకు మూడో మెయిల్. ఒళ్లు మండి, జవాబులో 'ఫర్ గాడ్స్ సేక్' అని కొట్టి పంపడానికి అర నిమిషం చాలు. ఆ తర్వాత నాలుక కరచుకుని లాభం లేదు. మాట గాలికి పోతుంది, మెయిల్ ఫార్వర్డ్ అవుతుంది.

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో నోటివాటంగా దొర్లే ఈ మాటను రాయడంలో చిన్న చిక్కు అపాస్ట్రఫీ. 'గాడ్'కూ 'ఎస్'కూ మధ్య అది ఉండాల్సిందే. లేకపోతే ఒక్క దేవుడు పలువురైపోతాడు. ముక్కోటి దేవతల దేశంలో అదేమంత నేరం కాకపోవచ్చు గానీ ఇంగ్లిష్ వ్యాకరణం ఒప్పుకోదు. 'ఫర్ పీట్స్ సేక్'లో ఆ పీట్ ఎవరైనా సరే, మనిషి పేరు కాబట్టి 'పి' పెద్దక్షరం. అసలు తిరకాసు 'గుడ్‌నెస్' దగ్గర. దాని చివర 'ఎస్' ఉంది, పక్కనున్న 'సేక్' మొదలయ్యేదీ 'ఎస్'తోనే. అందుకే అపాస్ట్రఫీ పెట్టి, ఇంకో 'ఎస్' చేర్చకుండా వదిలేయమంటుంది షికాగో మాన్యువల్.

ఇన్ని మారుపేర్లు ఊరికే రాలేదు. నాటకాల్లో దేవుడి పేరును అపవిత్రంగా వాడితే 10 పౌండ్ల జరిమానా అని 1606లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం చేసింది. 1623లో షేక్‌స్పియర్ నాటకాల సంపుటి అచ్చయ్యేసరికి కొన్నిచోట్ల 'గాడ్' స్థానంలో 'హెవెన్' వచ్చి కూర్చుంది. 'గుడ్‌నెస్' కూడా అలాంటి ముసుగే. అన్నట్టు, 'సేక్' అంటే ప్రాచీన ఇంగ్లిష్‌లో తగవు, వ్యాజ్యం. ఆఫీసు మెయిళ్లలో ఆ పాత అర్థమే తిరిగొస్తున్నట్టుంది.

పెద్ద చిక్కు స్వరం. 'పంపు', 'ఆపు' లాంటి క్రియతో కలిస్తే ఈ మాట బతిమాలినట్టూ ఉంటుంది, కసిరినట్టూ ఉంటుంది. ఎదురుగా ఉంటే ఏదో గొంతే చెబుతుంది. తెరమీద మాత్రం వేడుకోలుగా రాసింది 'ఎన్నిసార్లు చెప్పాలి?' అన్నట్టు వినిపిస్తుంది. మామూలు వాక్యం చివర తగిలిస్తే ఆ సందేహం కూడా ఉండదు. 'అతను డాక్టర్, ఫర్ గాడ్స్ సేక్' అంటే ప్రార్థన కాదు, ఆ మాత్రం తెలియదా అనే ఈసడింపు.

హిందీ సినిమాల్లో 'భగవాన్ కే లియే' అనే పాత్ర సాధారణంగా ప్రాధేయపడుతూ ఉంటుంది. తెలుగులో 'దేవుడి కోసం' అంటే గుడి చందా అనుకుంటారు. మన విసుగుకు 'నీకో దండం నాయనా' ఉంది. ఆ దండం దేవుడికి కాదు, నేరుగా విసిగించినవాడికే.

పై అధికారికో, క్లయింటుకో రాసేటప్పుడు 'గాడ్' తీసి 'గుడ్‌నెస్' పెడితే భక్తులు నొచ్చుకోకపోవచ్చు గానీ కసురు కసురుగానే ఉంటుంది. 'ఫైలు 12వ తేదీనే పంపాను, మళ్లీ జతచేస్తున్నాను' అని రాస్తే విసుగూ తెలుస్తుంది, రేపు ఆ మెయిల్ ఎవరి చేతికి చేరినా తప్పు ఎవరిదో కూడా తెలుస్తుంది.