దానిమ్మ చెట్టును చూశామా?

రోజూ కళ్ళెదుట ఉండేదాన్నే మనం సరిగా చూడం. వజూ చేసే లోటాకు సొట్ట ఏ వైపు ఉందో, మస్జిద్ వాకిట్లోని వేపచెట్టు కొమ్మలు ఎటు వాలాయో ఎవరైనా అడిగితే తడుముకుంటాం. ఈ సంగతి మాకు ఒక చిన్న బొమ్మ వల్ల తెలిసివచ్చింది.

మా అబ్బా చివరి రోజుల్లో మంచం పట్టారు. ఇంటి వెనుక తన చేత్తో నాటిన దానిమ్మ చెట్టంటే ఆయనకు ప్రాణం. అసర్ నమాజు కాగానే దాని పాదులో నీళ్ళు పోసేవారు. మంచం మీది నుంచి చెట్టు కనిపించదు. "కాపు ఎలా ఉంది?" అని రోజూ అడిగేవారు. ఒకనాడు మేము పిల్లల డ్రాయింగ్ పుస్తకంలో పెన్సిలుతో చెట్టు గీసి, ఆయిల్ పేస్టల్స్‌తో రంగులద్ది చూపించాము. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బేటా, చూసి వేశావా, అనుకుని వేశావా?" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. మేము వేసింది అనుకున్న చెట్టే. ఒక లావు మొదలు, పైన గుబురుగా ఆకులు, మధ్యలో ఎర్రటి బంతుల్లాంటి కాయలు. మర్నాడు ఫజర్ తర్వాత పీట వేసుకుని చెట్టు ముందు కూర్చున్నాము. దానికి ఒకే మొదలు లేదు, నేల నుంచే నాలుగైదు కాండాలు లేచాయి. చిగురు ఎరుపు, ముదురాకు పచ్చ. కొమ్మలకు ముళ్ళు. కాయ పూర్తి గుండ్రం కాదు, పలకలు తేలి ఉంది. దాని కొసన చిన్న కిరీటం. గాలివానకు చీలిన కొమ్మకు అబ్బా కట్టిన పాత లుంగీ పీలిక ఇంకా అలాగే ఉంది. దాన్నీ వేశాము.

ఈసారి అబ్బా ఆ పీలిక మీద వేలు పెట్టి, "అల్‌హమ్‌దులిల్లాహ్, కొమ్మ బతికింది" అన్నారు.

దివ్య ఖుర్‌ఆన్‌లో దానిమ్మ పేరు మూడు చోట్ల వస్తుంది. అల్ అన్ఆమ్ సూరా 99వ ఆయతులో ద్రాక్ష, ఆలివ్, దానిమ్మలను ప్రస్తావించిన తర్వాత, చెట్టు కాపుకొచ్చినప్పుడు, ఆ కాయ పండేటప్పుడు దాన్ని చూడమని అల్లాహ్ ఆదేశిస్తున్నాడు. తినమని మాత్రమే కాదు, చూడమని కూడా! ఆ ఆయతును ఎన్నోసార్లు పారాయణం చేసిన మేము పెరట్లోని కాయను చూడనేలేదు.

బొమ్మలు వేయడం ధర్మసమ్మతమేనా అని కొందరు సోదరులు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. ప్రాణుల చిత్రాల విషయంలో హదీసుల్లో గట్టి హెచ్చరికలున్నాయి. చిత్రాలు వేసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి వచ్చి అడిగినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఆ హెచ్చరికను వినిపించారు. వేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను వేసుకోమని దారి చూపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. చెట్టు, పండు, కూజా, తస్బీహ్, చెప్పుల జత... ఒక జీవితకాలానికి ఇవి చాలవా?

దీనికి పెద్ద ఖర్చు లేదు. అరచేతి పుస్తకం, ఒక హెచ్‌బీ పెన్సిలు, 12 రంగుల ఆయిల్ పేస్టల్స్ పెట్టె ఉంటే సరిపోతుంది. ముందు పెన్సిలుతో తేలిగ్గా గీయాలి. పేస్టల్ జిడ్డు మీద పెన్సిలు సరిగా పట్టదు. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. రెండు రంగులు కలవాలంటే వేలితో రుద్దితే చాలు. పుల్లతో గీకితే అడుగు రంగు బయటపడి ఆకు ఈనెలు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, కాగితం కన్నా వస్తువునే ఎక్కువసేపు చూడాలి.

ఈ రంగుకడ్డీల పుట్టుకలోనూ ఆ పాఠమే ఉంది. జపాన్ బడుల్లో పిల్లలు నమూనా పుస్తకాల్లోని బొమ్మలను నకలు చేస్తున్న కాలంలో, కనాయె యమమోతో అనే చిత్రకారుడు పిల్లలు తమ కళ్ళతో చూసిందే వేయాలంటూ 1919 ప్రాంతంలో ఒక ఉద్యమం లేవదీశాడు. ఆ గాలి వీస్తున్న రోజుల్లోనే, 1925లో, అక్కడి సకురా సంస్థ ఆయిల్ పేస్టల్స్‌ను తెచ్చింది. అబ్బాకు ఆ పేరు తెలియదు. అయినా ఆయన అడిగిన ప్రశ్న కూడా అదే.

రంగుపొడిలో మైనం, నూనె కలిపి చేసే ఈ కడ్డీల రంగు నీటిరంగులా ఎండి గట్టిపడదు. అందుకే బొమ్మ మీద బటర్ పేపర్ కప్పి దాచాలి. ఆనాడు అబ్బా వేలు తగిలిన చోట రంగు చెదిరింది. మేము సరిదిద్దలేదు. ఫోటో దిగడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. మా దగ్గర ఆయన గుర్తుగా ఉన్నది ఆ వేలిముద్రే.

ఈ జుమా నాడు నమాజు ముగించి ఇంటికి వెళ్ళాక, మీ వాకిట్లోని ఒక మొక్క ముందు పిల్లలతో పాటు పావుగంట కూర్చోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. చూస్తూ చూస్తూ ఉండగా నోట "సుభానల్లాహ్" అన్న మాట దానంతటదే వస్తుంది. చూసే కళ్ళను, కృతజ్ఞత నిండిన మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.