పెట్టెలోని పాత రీలు: కొత్త భాగాలతో ఎంతవరకు బాగుచేయవచ్చును?

హోసూరు, డెంకణికోట ప్రాంతాల తెలుగు కుటుంబాలలో కొందరి ఇండ్లలో నేటికిని ఒక విచిత్రమైన వస్తువు కనిపించుట కలదు. ట్రంకు పెట్టె అడుగున, పాత గుడ్డలో చుట్టి ఉంచిన గాలపు రీలు. 1970ల చివరినుండి కావేరి తీరమునకు మహసీర్ చేపకై వచ్చిన విదేశీయులు, తిరిగిపోవునపుడు తమకు హరిగోలు నడిపినవారికి, రాగిముద్ద ఎర కట్టి ఇచ్చినవారికి, వంట చేసినవారికి బహుమతిగా ఇచ్చి వెళ్లినవి ఇవి. ఈ వ్యాసకర్త మేనమామగారు కూడ ఆ కాలమున కావేరి ఒడ్డు శిబిరములో పని చేసినవారే. ఆయనకు దక్కిన రీలు ముప్పది యేండ్లకు పైగా పెట్టెలోనే ఉండిపోయినది. గత సంవత్సరము దానిని తీసి నా చేతిలో పెట్టి, "అల్లుడా, ఇది మళ్లీ తిరుగుతుందేమో చూడు. కొత్తది కొని తెచ్చి ఇదే అని మాత్రం చెప్పవద్దు" అన్నారు.

ఆ ఒక్క షరతులోనే అసలు సమస్య ఉన్నది. పాత యంత్రమునకు కొత్త భాగములు వేయుచు పోయినచో, ఎక్కడివరకు అది పాతది, ఎక్కడనుండి కొత్తది? ఇటువంటి వస్తువు గల పాఠకులకు ఉపయోగపడునని, చేసిన పని, చేయక విడిచిన పని రెండును ఇక్కడ వివరించుచున్నాను.

మొదట ఆ రీలు ఏమిటో చెప్పవలెను. అది స్వీడన్ దేశమున తయారైన అబూ అంబాసడర్ 6500సి. (మన రోడ్లమీది అంబాసడర్ కారుకు దీనికి పేరు తప్ప వేరు బంధుత్వము లేదు.) ఆ సంస్థ 1921లో స్వాంగ్‌స్టా అను చిన్న ఊరిలో గడియారపు యంత్రముల కర్మాగారముగా పుట్టినది. తరువాత టాక్సీ మీటర్లు చేసినది. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి మీటర్లకు గిరాకీ పడిపోగా, పనివారి చేతులు ఖాళీగా ఉండరాదని గాలపు రీళ్ల వైపు మళ్లినది. ఊరి పక్కనే సాల్మన్ చేపలకు పేరుపడిన మోరుమ్ నది ఉండుట కలిసివచ్చినది. గడియారపు పనివారు చేసిన వస్తువగుటచేతనే కాబోలు, ఈ రీలులోని పళ్లచక్రములు యాభై యేండ్ల తరువాత కూడ విప్పి చూచినవానికి ముచ్చట గొలుపుచున్నవి. కర్రకు బిగించు పాదము అడుగున ఒక సంఖ్య చెక్కి ఉండును. 1970ల నడుమ కాలపు రీళ్లలో దాని మొదటి రెండంకెలు సంవత్సరమును, తరువాతి రెండు నెలను తెలుపును. మామగారి దానిమీద 76 అని మొదలైనది. అనగా 1976లో తయారైనది.

రీలు పట్టుకొని చూడగానే లోపము తెలిసిపోయినది. పిడి కదలదు, మీట నొక్కబడదు. కారణము కొబ్బరినూనె! మన ఇండ్లలో తలుపు మడత బందుకైనను, కుట్టుమిషనుకైనను చేతికందినది పోయుట అలవాటు. కొబ్బరినూనె 24 డిగ్రీల సెల్సియస్ దిగువన గడ్డకట్టును. కాలము గడచినకొద్దీ గాలి తగిలి జిగురుగా మారును. దానిపైన ఎప్పుడో సమీప పట్టణమున ఒక మెకానిక్కు లారీలకు వాడు చిక్కని గ్రీజును నిండుగా కూరి పంపినాడట. రెండును కలిసి పనసజిగురు వలె తయారైనవి.

ఈ జాతి రీలు విప్పుట కష్టము కాదు. పిడి ఉన్న వైపు పలకపై చేతితోనే తిప్పదగిన మూడు గరుకు మరలు ఉండును. అవి విప్పగా ఆ పలక మొత్తముగా ఊడివచ్చును, దారము చుట్టిన గొట్టము బయటికి జారును. ఇంతవరకు పిల్లవాడు కూడ చేయగలడు. పిడిని, దాని కింది నక్షత్రపు చక్రమును, లోపలి పళ్లచక్రములను విప్పునపుడు మాత్రము నిదానము వలయును. నేను ఇడ్లీ పళ్లెము తెచ్చుకొని, విప్పిన వరుసలోనే ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క భాగమును ఉంచితిని. ప్రతి దశలోను చరవాణితో ఛాయాచిత్రము తీసితిని. అయినను మీటకు సంబంధించిన రెండు చిన్న స్ప్రింగులలో ఒకటి ఎగిరి ఎక్కడో పడినది. మా ఇంటిది గది అంతయు ఊడ్చి, ఆ చెత్తను చేటలో పోసి చెరిగి వెదకినది, దొరికినది. మీరు తెల్లని దుప్పటి పరచుకొని దానిమీదనే ఈ పని చేయుట మేలు.

శుభ్రపరచుటకు కిరోసిను, పాత పళ్లకుంచె చాలును. ఇత్తడి భాగములపై చిలుము చూచి చింతపండు పెట్టి తోమవలెనని మనవారికి చేయి దురద పుట్టును. ఆ పని వద్దు. ఇది బిందె కాదు. పులుపు ఇత్తడిలోని జింకును లాగివేయును. చాకలి సోడా వంటి క్షారము పక్క పలకల అల్యూమినియమును, దాని పూతను తినివేయును. ఆ నల్లపూత పోయినచో రీలు ముఖము పోయినట్లే. పూతపై గీతలు ఉన్నచో ఉండనీయవలెను. మామగారు ఒక్కొక్క గీతకు ఒక్కొక్క రాయి పేరు చెప్పగలరు.

ఇక మార్చవలసిన భాగముల సంగతి. వీనిలో ముఖ్యమైనది బ్రేకు, అనగా రీళ్ల భాషలో డ్రాగ్. పెద్ద చేప ఒక్కసారిగా పరుగు తీసినపుడు దారము తెగిపోకుండ, ఒక కొలతకు మించిన బలము రాగానే గొట్టము జారి దారమును వదలవలెను. ఈ పనికై పెద్ద పళ్లచక్రము లోపల లోహపు వాషరు, మెత్తని వాషరు, మరల లోహపు వాషరు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండును. లోహపు వాటిలో కొన్ని చక్రముతోను, కొన్ని పిడి ఇరుసుతోను తిరుగును. నక్షత్రపు చక్రమును బిగించినకొద్దీ అవి ఒత్తుకొని ఘర్షణ పెరుగును. ఎద్దుబండికి వాలులో కట్టె అడ్డువేసి చక్రమును ఒరిపించు సూత్రమే ఇది.

పాత వాషర్లలో చిక్కు ఎక్కడనగా, నిలిచియున్న వస్తువును కదిలించుటకు కావలసిన బలము, కదిలిన తరువాత నడిపించుటకు కావలసిన బలముకన్న ఎక్కువ. నూనె పీల్చి గట్టిపడిన పాత వాషరులో ఈ రెండింటి నడుమ తేడా చాల పెద్దది. చేప లాగగానే మొదట కదలదు, తరువాత జర్రున జారును, మరల పట్టును. ఆ మొదటి కుదుపులోనే దారము తెగును. ఒక పెద్ద చేప తన చేతిలో ఇట్లే తెంపుకొని పోయినదని మామగారు నలుబది యేండ్లుగా చెప్పుచున్నారు. తప్పు తనదేనని, బొటనవేలు ఆలస్యముగా తీసితినని వారి నమ్మకము. విప్పిన వాషర్లను వారి అరచేతిలో పెట్టితిని. గోరు దిగనంత గట్టిగా, అద్దమువలె నునుపుగా ఉన్నవి. చాల సేపు వానిని తిప్పి తిప్పి చూచి, "అయితే నా వేలు కాదన్నమాట" అన్నారు.

ఈ వాషర్ల స్థానమున కార్బన్ నారతో నేసిన వాషర్లు నేడు లభించుచున్నవి. వానిలో ఆ రెండు బలముల తేడా స్వల్పము, వేడికి చెడవు. పాత వాటి లోపలి, బయటి వ్యాసములను, మందమును వెర్నియర్‌తో కొలిచి తెప్పించుకొనవలెను. మందముల మొత్తము పాతదానికి సరిపోవుట ముఖ్యము. ఎక్కువైనను తక్కువైనను నక్షత్రపు చక్రము సరియైన చోట బిగియదు. డ్రాగ్ కొరకే చేసిన గ్రీజును పలుచగా రాయవచ్చును గాని మామూలు గ్రీజు కూడదు. ఒక జాగ్రత్త: పాత వాషరు ఏ పదార్థముతో చేసినదో మనకు తెలియదు. దానిని పొడిగా గరుకు కాగితముతో రుద్ది ఆ ధూళి పీల్చరాదు.

రెండవది బేరింగులు. పేరులో 'సి' అక్షరము గల ఈ నమూనాలలో గొట్టము రెండు బాల్ బేరింగులపై తిరుగును. వాని కొలత లోపల 3, బయట 10, మందము 4 మిల్లీమీటర్లు. చేపల సామాను దుకాణములో వీనికి ఎక్కువ వెల చెప్పుదురు గాని, పారిశ్రామిక బేరింగుల దుకాణములో 623 అను సంఖ్య చెప్పినచో ఇదే కొలతది ఇత్తురు. స్టెయిన్‌లెస్ ఉక్కుది, రెండు వైపుల రేకు మూత గలది అడుగవలెను. రబ్బరు మూతది కొంత బిగువుగా తిరుగును. పింగాణీ గుండ్లవి కూడ ఉన్నవి. ఆ గుండ్లు తుప్పు పట్టవు, గాని వాని చుట్టునుండు ఉక్కు వలయము పట్టును. కనుక ఆ అదనపు ఖర్చు మన అవసరమునకు మించినదని నా అభిప్రాయము.

బేరింగు ఎంత తేలికగా తిరిగిన అంత మంచిదని అనుకొనుట పొరపాటు. గాలము విసరినపుడు ముందు వేగముగా పోయిన సీసపు గుండు గాలిలో నెమ్మదించును. గొట్టము మాత్రము అదే వేగముతో తిరుగుచు దారమును వదలుచుండును. ఫలితము పిచ్చుకగూడు వంటి చిక్కు. దీనిని ఆపుటకే గొట్టము చివర రెండు చిన్న దిమ్మెలు ఉన్నవి. గొట్టము తిరిగినపుడు అవి బయటికి నెట్టుకొని ఒక వలయమును ఒరయును. వేగము రెట్టింపైన ఆ ఒత్తిడి నాలుగు రెట్లగును. ఈ వలయముపై నూనె పడరాదు. బేరింగుకు ఒక్క చుక్క పలుచని నూనె, పళ్లచక్రములకు కొద్దిగా గ్రీజు, దిమ్మెలకు ఏమియు వద్దు.

దారమును గొట్టముపై అటునిటు సమముగా పరచు అడ్డగాడి ఇరుసులోని చిన్న కొండి అరిగిపోయి ఉండగా, కొత్తది వేసితిని. అది చౌకైన భాగము. ఇరుసు గాడిలోని మట్టిని గుండుసూదితో తీయుటకే ఒక సాయంత్రము పట్టినది.

మార్చనివి ఏమనగా, పిడి, పలకలు, పళ్లచక్రములు. పొడవైన కొత్త పిడి వేసిన బలము పెరుగును; నేను తెప్పించితిని కూడ. మామగారు ఒకసారి పట్టుకొని చూచి, "ఇది ఇంకొకరి చేయి" అని పక్కన పెట్టిరి. పాత భాగములన్నియు ఒక డబ్బాలో వేసి, చీటీ రాసి, రీలుతోపాటే ఉంచితిని. రేపు ఎవరైనను దీనిని తొలి రూపునకు తేదలచిన తేవచ్చును.

దారము విషయములో ఒక హెచ్చరిక చేయవలెను. ఇప్పటి అల్లిక దారములు సన్నవి, మిక్కిలి బలమైనవి. ముప్పది కిలోల దారము చుట్టి, దానికి తగినట్లు బ్రేకు బిగించినచో, దారము తెగదు గాని రీలు చట్రము వంగును, పళ్లు విరుగును. పాత రీలుకు దాని కాలపు బలమే ఇవ్వవలెను. దారము తెగు బలములో నాలుగవ వంతునుండి మూడవ వంతు లోపల జారునట్లు స్ప్రింగు త్రాసుతో కొలిచి బిగించుట పద్ధతి. ఇంకొక సంగతి చాలమందికి తెలియదు: దారము బయటికి పోయినకొద్దీ గొట్టముపై చుట్ట వ్యాసము తగ్గును. అది సగమైనపుడు, చక్రమును ముట్టుకొనకున్నను, దారముపై లాగుడు రెట్టింపగును. పరుగు చివర దారము తెగుటకు ఇదియు ఒక కారణము.

యానాము వైపు గౌతమీ పాయలలో పండుగప్పకు గాలము వేయు పాఠకులు ఉప్పునీటి సంగతి మరువరాదు. ఇత్తడి, అల్యూమినియము తాకియున్న చోట ఉప్పునీరు చేరిన అల్యూమినియము త్వరగా తినబడును. ప్రతిసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. బకెట్టులో ముంచిన ఉప్పు లోపలికే పోవును.

ఇంత చేసి రీలును ఎక్కడ వాడుదురని అడుగవచ్చును. కావేరిలో కాదు. అభయారణ్య పరిధిలోని ఆ గాలపు శిబిరములు 2010ల తొలి సంవత్సరములలో మూతపడినవి. 1946లో కబిని నదిలో 120 పౌనుల మహసీర్ పడినట్లు నమోదైనది. అట్టి మూపురపు మహసీర్‌కు శాస్త్రీయ నామము స్థిరపడినది 2018లో మాత్రమే. అదే యేడు అది అత్యంత ప్రమాదస్థితిలోని జాతుల పట్టికలో చేరినది. చెరువులలోనైనను పంచాయతీ వేలము పాడుకొన్నవారి అనుమతి లేక గాలము వేయరాదు.

మేము కోసిన రాగి చేనిలోనికి పోయితిమి. గాలము లేదు, దారము చివర సీసపు గుండు మాత్రమే. మామగారు మీట నొక్కి, బొటనవేలు గొట్టముపై ఆనించి విసరిరి. మొదటిసారి గుండు పది గజములలో పడి, దారము గూడు కట్టినది. అరగంట కూర్చుండి చిక్కు తీసితిమి. రెండవసారి గట్టు దాటి పక్క పొలములో పడినది. పిడి తిప్పుచు, చెవి దగ్గర పెట్టుకొని, "ఆ కటకట శబ్దము పోలేదురా" అన్నారు.