గొలుసు రంపములో తప్పిన నిప్పురవ్వ

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరమును దాటినపుడు నగరములో చెట్లు లెక్కకు మించి కూలి వీధులకు అడ్డముగా పడినవి. అట్టి సమయములలో మ్రానులను కోసి దారి తీయుటకు మిక్కిలి ఉపయోగపడు సాధనము పెట్రోలుతో నడచు గొలుసు రంపము. అయితే ఈ యంత్రమునకు ఒక చిక్కు కలదు. అది నెలల తరబడి కొట్టులో మూలపడి యుండి, గాలివాన వచ్చిన నాడు వెంటనే పని చేయవలసి యుండును. ఆనాడు త్రాడు ఎన్నిసార్లు లాగినను ఇంజను కదలకపోవచ్చును. పెట్రోలు ఉన్నది, గాలి ఉన్నది, లేనిది నిప్పురవ్వ. పాత యంత్రములలో ఈ లోపము తరచుగా ఒక చిన్న లోహపు బిళ్లపై పేరుకొన్న మురికి వలన కలుగును. అది తెలియక విలువైన తీగచుట్టను మార్చువారును, యంత్రమునే పాత ఇనుము క్రింద అమ్మివేయువారును కలరు. నిప్పురవ్వ పుట్టు విధము తెలిసినచో ఈ నష్టమును తప్పించుకొనవచ్చును.

బ్యాటరీ లేని విద్యుత్తు

పెట్రోలు గొలుసు రంపములు జర్మనీలో 1920 తరువాతి సంవత్సరములలో రూపొందినవి. ఎమిల్ లెర్ప్ 1927లో తన రంపమును థురింగియాలోని డోల్మార్ కొండపై పరీక్షించెను. ఆండ్రియాస్ స్టీల్ 1929లో తయారు చేసిన రంపము బరువు 46 కిలోగ్రాములు. దానిని ఇద్దరు పట్టవలసి వచ్చెను. ఇంత బరువునకు తోడు బ్యాటరీని కూడ అడవిలో మోయుట కష్టము. కనుక ఇంజను తిరుగుటలోనే విద్యుత్తు పుట్టునట్టి మాగ్నెటో అను సాధనమును అందు అమర్చిరి.

మాగ్నెటోకు ఆధారము 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రము. తీగచుట్ట గుండా పోవు అయస్కాంత బలరేఖలు మారినపుడు చుట్టలో విద్యుత్తు ప్రేరితమగును. మార్పు ఎంత వేగముగా జరిగిన వోల్టేజి అంత హెచ్చుగా నుండును.

ఇంజను ఇరుసునకు బిగించిన ఫ్లైవీలు అను చక్రములో అయస్కాంతములు పొదిగి యుండును. దాని ప్రక్కనే పలుచని ఇనుపరేకులు పేర్చి చేసిన దిమ్మె యుండును. దిమ్మెపై రెండు చుట్టలు కలవు. ప్రధానచుట్టలో లావు రాగితీగ కొన్ని వందల చుట్లును, గౌణచుట్టలో వెండ్రుక వంటి తీగ వేలకొలది చుట్లును ఉండును. ప్రధానచుట్టలోని విద్యుత్తు పాయింట్లు అనబడు రెండు చిన్న లోహపు బిళ్లల గుండా ప్రవహించును. ఇరుసుపై నున్న ఒక గుబ్బ, చక్రము తిరిగిన ప్రతిసారి ఈ పాయింట్లను విడదీయును.

తెగినపుడే రవ్వ

విద్యుత్తు ప్రవహించుట వలన రవ్వ పుట్టునని చాలమంది తలతురు. నిజమునకు రవ్వ పుట్టునది ఆ ప్రవాహము తెగినపుడు. నిండుగా పారు నీటిగొట్టమును మెల్లగా మూసిన ఏమియు కాదు. ఒక్కసారిగా మూసిన గొట్టము అదరును. అదే విధముగా ప్రధానచుట్టలో విద్యుత్తు బలముగా నున్న క్షణమున పాయింట్లు విడిపోగా, బలరేఖలు తటాలున కూలి, గౌణచుట్టలో పదివేల వోల్టులకు పైబడి పుట్టును. ఆ వోల్టేజి స్పార్కుప్లగ్గు సందులో రవ్వయై దూకును.

పాయింట్లు విడిపోవు మొదటి క్షణమున వాటి సందు అత్యల్పము. విద్యుత్తు ఆ సందును దాటుటకు చూచును. దాటినచో ప్రవాహము తటాలున తెగదు. అందుచే పాయింట్లకు సమాంతరముగా సుమారు 0.2 మైక్రోఫారడ్ల కండెన్సరును కలుపుదురు. అది ఆ క్షణమున విద్యుత్తును తనలోనికి తీసికొనును. కండెన్సరు పాడైనచో పాయింట్లు నల్లగా కాలి, ప్లగ్గు వద్ద రవ్వ నీరసించును.

ఈ ఇంజనులు రెండు స్ట్రోకులవి. ప్రతి చుట్టునకు ఒక రవ్వ కావలెను. నిమిషమునకు 9000 చుట్లు తిరిగినచో సెకనుకు 150 రవ్వలు. అరగంటలో పాయింట్లు 2,70,000 సార్లు విడిపోవలెను. మొదట అరుగునవి అవియే యగుటలో వింత లేదు.

వెదకవలసిన వరుస

లోపమును సులభమైన చోటు నుండి కష్టమైన చోటునకు, ఒక్కొక్క మార్పు చేసి చూచుచు వెదకవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో బాగుపడినది దేనివలననో తెలియదు. ముందుగా గొలుసును తీసివేసి, ఒలికిన పెట్రోలును తుడిచి, ట్యాంకు మూత బిగింపవలెను.

మొదట ప్లగ్గును చూడవలెను. అది పెట్రోలుతో తడిసి యున్నచో ఇంధనము చేరుచున్నది, రవ్వ లేదని అనుమానింపవచ్చును. పొడిగా నున్నచో ఇంధనము వచ్చు దారిని చూడవలెను. ప్లగ్గు మసిని తుడిచి సందును సుమారు 0.5 మిల్లీమీటరుగా సరిచేసి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి త్రాడు లాగవలెను. ప్లగ్గు రంధ్రము నుండి పెట్రోలు ఆవిరి వెలువడును గనుక రవ్వను దానికి దూరముగా నుంచవలెను. ప్లగ్గు తీగను చేతితో పట్టరాదు.

ఇచట రవ్వ కనబడినంత మాత్రమున అంతయు బాగున్నదని తలపరాదు. మామూలు గాలిలో మిల్లీమీటరు సందును దాటుటకు సుమారు 3000 వోల్టులు చాలును. సిలిండరులో ఒత్తిడికి గురియైన వాయువును దాటుటకు అంతకు కొన్ని రెట్లు కావలెను. బయట కనబడిన నీరసపు రవ్వ లోపల పుట్టకపోవచ్చును. కనుక అయిదారు మిల్లీమీటర్ల సందు గల పరీక్షా సాధనముతో చూచుట మేలు.

రెండవది ఆపుడు స్విచ్చి తీగ. స్విచ్చి నొక్కినపుడు ప్రధానచుట్టలోని విద్యుత్తు పాయింట్లతో పనిలేక ఇంజను లోహములోనికి పోవును. పాయింట్లు విడిపోయినను ప్రవాహము తెగదు. పాత తీగ పైతొడుగు చిరిగి లోహమునకు తగిలినచో స్విచ్చిని ఎల్లప్పుడు నొక్కియుంచినట్లే. ఆ తీగను విడదీయగా రవ్వ వచ్చినచో లోపము దొరికినట్లే. పరీక్ష ముగిసిన తరువాత తీగను బాగుచేసి మరల కలుపవలెను. లేనిచో స్విచ్చితో ఇంజనును ఆపుటకు వీలుండదు.

మూడవది పాయింట్లు. ఫ్లైవీలును తగిన పుల్లరుతోనే ఊడదీయవలెను, సుత్తితో కొట్టరాదు. తేమ గాలిలో మూలపడిన యంత్రపు పాయింట్లపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడును. త్రాడు లాగినపుడు ప్రధానచుట్టలో పుట్టు స్వల్ప వోల్టేజి ఆ పొరను దాటలేదు. సన్నని ఆకురాయితో మెల్లగా రుద్ది, శుభ్రమైన దళసరి కాగితమును మధ్య నుంచి లాగి తుడువవలెను. పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నపుడు సందు సాధారణముగా 0.35 నుండి 0.4 మిల్లీమీటరు ఉండవలెను. తయారుచేసినవారు ఇచ్చిన కొలత యున్న దానినే పాటింపవలెను. సందు ఎక్కువైన రవ్వ ముందుగాను, తక్కువైన ఆలస్యముగాను పుట్టును.

మరల బిగించునపుడు ఫ్లైవీలును నిలుపు చిన్న తాళపు ముక్క విరుగలేదని చూచుకొనవలెను. దిమ్మెకు, అయస్కాంతములకు మధ్య సందు సుమారు 0.25 మిల్లీమీటరు, అనగా ఒక పోస్టుకార్డు మందము. వీటన్నిటి తరువాతనే కండెన్సరును, చిట్టచివర తీగచుట్టను మార్చుటకు తలపెట్టవలెను.

వేడెక్కిన తరువాత ఆగిపోవు యంత్రము

కొన్ని రంపములు చల్లగా నున్నపుడు చక్కగా నడచి, వేడెక్కగానే ఆగిపోవును. చల్లారిన పిమ్మట మరల నడచును. తీగచుట్టలోని బంధక పూతకు పగులు ఏర్పడిన, వేడికి అది విచ్చుకొని విద్యుత్తు ప్రక్క చుట్టులోనికి జారిపోవును. కాని ట్యాంకునకు గాలి పోవు రంధ్రము పూడుకొనినను ఇదే లక్షణము కనబడును. కావున యంత్రము ఆగిన వెంటనే, చల్లారకముందే రవ్వను పరీక్షింపవలెను. రవ్వ లేకున్న తప్పు మాగ్నెటోలో నున్నది. రవ్వ బలముగా నున్న ట్యాంకు మూతను వదులు చేసి చూడవలెను. ఈ ఒక్క పరీక్ష అనవసరముగా కొత్త చుట్టను కొనకుండ కాపాడును.

1970 తరువాత పాయింట్ల స్థానమును క్రమముగా ఎలక్ట్రానిక్ పరికరములు ఆక్రమించినవి. అయినను అయస్కాంతము, రెండు చుట్టలు, తటాలున కలుగు మార్పు అను మూడును నిలిచియే యున్నవి. పాఠశాల ప్రయోగశాలలోని ప్రేరణచుట్టలో కూడ ప్రధానచుట్ట, గౌణచుట్ట, ప్రవాహమును త్రెంచు సుత్తి, కండెన్సరు కలవు. భేదమెల్ల అందు విద్యుత్తును బ్యాటరీ ఇచ్చుటయే. దాని భాగములను చూపి ఈ పాఠము చెప్పినచో, పాత రంపపు మూత తెరచినపుడు విద్యార్థి ఒక్కొక్క భాగమును గుర్తుపట్టగలడు.