ఒక్కచోట నిలవని బిడ్డ

"ఏం చెయ్యను వదినా? వాడు ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. బడిలో రోజూ ఫిర్యాదే. కొడితే ఏడుస్తాడు. మళ్లీ అదే పని."

మైపాడైనా, జువ్వలదిన్నె అయినా ఇలా దిగులుపడే తల్లులు ఉంటారు.

అల్లరి పిలకాయలందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. కానీ ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా నిలకడ లేక, చదువు సాగకపోతే డాక్టరుకు చూపించాలి. డాక్టర్లు దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. ఇది తల్లి తప్పు కాదు. గాలి సోకడమూ కాదు. మెదడు ఎదిగే తీరులో తేడా.

మందు వాడాలా, వద్దా?

ఆరేళ్లలోపు బిడ్డకు ముందు ఇంటి పద్ధతులే. వేళకు తిండి, వేళకు నిద్ర ఉండాలి. ఒకసారికి ఒక పనే చెప్పాలి. చేస్తే వెంటనే మెచ్చుకోవాలి. ఆడుకోనివ్వాలి. కొట్టకూడదు.

ఆరేళ్లు దాటాక, ఇవి చాలకపోతే డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు రాయవచ్చు. చాలామంది పిల్లలకు ధ్యాస కుదురుతుంది. అయితే ఆకలి, నిద్ర తగ్గవచ్చు. అందుకని బరువు, ఎత్తు చూపిస్తూ ఉండాలి. డాక్టరును అడగకుండా మందు మానకూడదు, పెంచకూడదు.

మరి ఆకు పసరు, తాయెత్తు? వాటితో తగ్గుతుందనడానికి రుజువు లేదు. కొన్ని నాటు మందుల్లో సీసం బయటపడింది. సీసం పిల్లల మెదడుకే చేటు.

2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. అందులో చూసే లోపాల్లో ఇదీ ఒకటి.

వదిన ఏమంది?

"ముందు ఆ కర్ర అవతల పారెయ్యి. రేపు ఇద్దరం ఆశమ్మ దగ్గరికి పోదాం."