మైక్ కొనే ముందు చెవి పెట్టండి: స్టూడియోలో వాయిద్యాల రికార్డింగ్

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మైక్రోఫోన్ల గురించి మాట్లాడుకుందాం. గొంతు రికార్డ్ చేసే మైకులు కాదు, వాయిద్యాల కోసం వాడేవి. వీణ, వయొలిన్, మృదంగం, వేణువు, డప్పు, గిటార్. వీటిని పెద్ద స్టూడియోలో రికార్డ్ చేసినా, ఇంట్లో ఒక గదినే స్టూడియోగా మార్చుకుని చేసినా, ఏ మైక్ తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే ఇవాళ్టి విషయం.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, కొంచెం డబ్బు దాచుకున్నా, ఏ మైక్ కొనమంటావ్?" దానికి నేను పేరు చెప్పను. ముందు ఒక కథ చెప్తాను. అది నేను చేసిన తప్పు కథ.

పెద్దమ్మ వీణ

మా పెద్దమ్మ వీణ వాయించేది. కచేరీలు చేసిన మనిషి కాదు, ఇంట్లో పిల్లలకు నేర్పేది. నేను కొత్తగా ఒక కండెన్సర్ మైక్, ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కున్న రోజులవి. "పెద్దమ్మా, నిన్ను రికార్డ్ చేస్తా" అని చెప్పి సామాను మోసుకుని వెళ్లాను. ఎంత దగ్గర పెడితే అంత బాగా వస్తుంది అనుకుని, వీణ కుండకు నాలుగు వేళ్ల దూరంలో మైక్ పెట్టాను. ఆలాపన మొదలుపెట్టగానే శబ్దం చిన్నగా ఉందని గెయిన్ బాగా పెంచాను. ఆవిడ నలభై నిమిషాలు ఆపకుండా వాయించింది.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గుండె జారిపోయింది. అంతా బుం బుం అని ఒకటే మోత. మీటు శబ్దం తప్ప గమకం వినపడట్లేదు. ఆవిడ తానంలోకి వెళ్లి గట్టిగా మీటిన చోటల్లా ధ్వని పగిలిపోయింది. దానికితోడు పక్క గదిలో ఫ్యాన్ హోరు, వంటింట్లో కుక్కర్ విజిల్.

"పర్లేదు, మళ్లీ చేద్దాంలే" అనుకున్నా. ఆ మళ్లీ రాలేదు. కీళ్ల నొప్పులతో పెద్దమ్మ వేళ్లు బిగుసుకుపోయాయి, వీణ గలీబు కప్పి మూలన పెట్టేశారు.

ఇప్పుడు మా ఇంట్లో వినగలిగే రికార్డింగ్ ఒక్కటే ఉంది. ఆ రోజు మా చెల్లి తన ఫోన్‌ని స్టూల్ మీద ఆనించి, అయిదడుగుల దూరం నుంచి వీడియో తీసింది. ధ్వని కాస్త పల్చగా ఉంటుంది గానీ ప్రతి గమకం వినిపిస్తుంది. నా ఖరీదైన మైక్ తప్పు చోట ఉంది. చెల్లి ఫోన్ అనుకోకుండా సరైన చోట ఉంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

మైకులు మూడు రకాలు

మొదటిది డైనమిక్ మైక్. ఇందులో పల్చటి పొర ఒకటి ఉంటుంది, దానికి సన్నటి తీగచుట్ట అతికి ఉంటుంది. ధ్వని తగలగానే పొర, తీగచుట్ట కలిసి అయస్కాంతం మధ్యలో కదులుతాయి, కరెంటు పుడుతుంది. స్కూల్లో ఫిజిక్స్‌లో చదివిన విద్యుదయస్కాంత ప్రేరణ అంటే ఇదే. దీనికి బయటి నుంచి పవర్ అక్కర్లేదు, మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది, పెద్ద శబ్దానికి బెదరదు. 1965లో వచ్చిన షూర్ ఎస్‌ఎమ్ 57 ఇప్పటికీ స్టూడియోల్లో గిటార్ ఆంప్ ముందు, డ్రమ్ముల మీద కనపడుతుంది. లోటు ఏంటంటే, తీగచుట్ట బరువు వల్ల బాగా సన్నటి, వేగమైన ధ్వనులను అంత చురుగ్గా పట్టుకోలేదు. చిన్న శబ్దానికి గెయిన్ ఎక్కువ పెంచాలి, అప్పుడు ఇంటర్‌ఫేస్‌లోని సర్క్యూట్ బుస కూడా వినపడొచ్చు.

రెండోది కండెన్సర్. దీన్ని వెస్టర్న్ ఎలక్ట్రిక్‌కి చెందిన ఇ.సి. వెంటే 1916లో తయారుచేశారు. చాలా తేలికైన పొర, దాని వెనక ఒక లోహపు పలక, రెండూ కలిసి కెపాసిటర్‌లా పనిచేస్తాయి. పొర కదిలితే మధ్య దూరం మారుతుంది, దాన్నుంచి సిగ్నల్ వస్తుంది. దీనికి మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఇంటర్‌ఫేస్ మీద 48 అని రాసి ఉండే బటన్ అందుకే. సున్నితమైన వివరాలన్నీ పట్టుకుంటుంది. ఫ్యాన్నీ, కుక్కర్నీ కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది!

ఇందులో మళ్లీ రెండు రకాలు. పెద్ద డయాఫ్రం ఉన్నవాటిలో సొంత బుస తక్కువ, ధ్వని కాస్త నిండుగా అనిపిస్తుంది. పెన్సిల్‌లా సన్నగా ఉండే చిన్న డయాఫ్రం మైకులు మీటును, దెబ్బను ఉన్నదున్నట్టు పట్టుకుంటాయి. పక్క నుంచి వచ్చే ధ్వని రంగు కూడా వీటిలో తక్కువ మారుతుంది.

మూడోది రిబ్బన్ మైక్. అయస్కాంతాల మధ్య చాలా పల్చటి అల్యూమినియం రేకు వేలాడుతుంది. ధ్వని మెత్తగా వస్తుంది, కీచుమనే వాయిద్యాలకు బాగుంటుంది. కానీ గాలి ఊదితే రేకు సాగిపోవచ్చు. పాత రిబ్బన్ మైకులకు పొరపాటున ఫాంటమ్ పవర్ వెళ్తే పాడయ్యే ప్రమాదం ఉంది. మాన్యువల్ చదవకుండా ఆ బటన్ నొక్కకండి.

మైక్ ఎటు వింటుంది?

చాలా మైకులు కార్డియాయిడ్ ప్యాటర్న్‌లో ఉంటాయి. ముందు వైపు బాగా వింటాయి, వెనక వైపు చాలా తక్కువ. కాబట్టి ముందు భాగం వాయిద్యం వైపు తిప్పడంతో పని అయిపోలేదు. వెనక భాగాన్ని మీకు అక్కర్లేని శబ్దం వైపు, అంటే కిటికీ వైపో, లాప్‌టాప్ వైపో తిప్పాలి. ఓమ్ని అన్ని వైపులా వింటుంది, గది బాగుంటేనే అది బాగుంటుంది. ఫిగర్ ఎయిట్ ముందూ వెనకా వింటుంది, పక్కల వినదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. కార్డియాయిడ్ మైక్‌ని వాయిద్యానికి మరీ దగ్గరగా పెడితే లోస్వరాలు, అంటే బాస్, అసలు కంటే ఎక్కువ వస్తాయి. దీన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. పెద్దమ్మ వీణలో ఆ బుం బుం ఇదే.

అలాగని మరీ దూరం జరిగినా కష్టమే. దూరం రెట్టింపైతే వాయిద్యం నుంచి నేరుగా వచ్చే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అందుకే దూరంగా రికార్డ్ చేస్తే బాత్రూమ్‌లో వాయించినట్టు వస్తుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉంటే ఇంకా ఎక్కువ. కింద జంపఖానా, వెనక పరుపు, పక్కన బట్టల బీరువా తలుపు తెరిచి పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది.

ఏ వాయిద్యానికి ఎక్కడ?

ఇవి మొదలుపెట్టే చోట్లు మాత్రమే. అక్కణ్నుంచి మీ చెవిని బట్టి జరుపుకోవాలి.

వీణ: చిన్న డయాఫ్రం కండెన్సర్ తీసుకోండి. కుండ ముందు ఒకటిన్నర నుంచి రెండడుగుల దూరంలో, కాస్త ఎత్తులో పెట్టి, గుర్రానికీ కుడిచేతి వేళ్లకీ మధ్యలోకి చూసేలా వంచండి. బాస్ ఎక్కువైతే దండి వైపు కొంచెం జరపండి. మరీ మెట్ల మీదికి తెస్తే ఎడమచేతి వేళ్లు తీగ మీద జారే గీత శబ్దం పైకొస్తుంది.

మృదంగం: రెండు వైపులా రెండు రకాల ధ్వని కాబట్టి రెండు మైకులు మేలు. కరణి ఉన్న కుడివైపు కండెన్సర్ గానీ డైనమిక్ గానీ, రవ్వ ముద్ద పెట్టే ఎడమవైపు బాస్ బాగా పట్టే డైనమిక్, ఒక్కోటి జానెడు దూరంలో. ఆ తర్వాత ఒక మైక్ పొలారిటీ స్విచ్ మార్చి చూడండి. ఏ పొజిషన్‌లో తొప్పి నిండుగా వినిపిస్తే అదే ఉంచండి.

వేణువు: ఊదే రంధ్రానికి ఎదురుగా పెడితే గాలి నేరుగా మైక్‌కి కొడుతుంది. ఒక అడుగు దూరంలో, నోటి కంటే కొంచెం పైన, గాలి దారికి పక్కగా పెట్టి నోటికీ వేళ్లకీ మధ్యకు చూపించండి.

వయొలిన్: మన కర్ణాటక సంగీతంలో కింద కూర్చుని వాయిస్తారు కదా. ముందు నుంచి కాస్త పైన, ఒకటిన్నర అడుగు దూరంలో, బ్రిడ్జ్ వైపు చూసేలా పెట్టండి. దగ్గరైతే కమాను రాపిడి చెవిలో గీరుతుంది. రిబ్బన్ మైక్ దొరికితే ఇక్కడ వాడి చూడండి.

సన్నాయి: ధ్వని చివరి గరాటు నుంచి మాత్రమే రాదు, తెరిచిన రంధ్రాల నుంచి కూడా వస్తుంది. గరాటు దగ్గర మైక్ పెడితే కొన్ని స్వరాలు అరుస్తాయి, కొన్ని దాక్కుంటాయి. రెండు మూడడుగుల దూరంలో, గొట్టం మధ్యకు చూసేలా పెట్టండి.

డప్పు: దీనికి డైనమిక్ హాయి. కండెన్సరే ఉంటే దాని మీద ప్యాడ్ స్విచ్ ఉందేమో చూసి వేసుకోండి. ఇంకో మాట, డప్పును కాచాక తోలు బిగిసి మోత మారుతుంది, చల్లారితే మళ్లీ దిగుతుంది. కాచిన వెంటనే లెవెల్ సెట్ చేసుకుని, ఆలస్యం చేయకుండా టేక్ తీసేయండి.

అకౌస్టిక్ గిటార్: పన్నెండో ఫ్రెట్ ఎదురుగా ఒక అడుగు దూరంలో పెట్టండి. మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం ముందు పెడితే వీణ కథే మళ్లీ.

రెండు మైకులు పెడితే

ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. ఒకే ధ్వని రెండు మైకులకు వేర్వేరు సమయాల్లో చేరితే, రెండూ కలిపినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ధ్వని డొల్లగా అయిపోతుంది. అందుకే 3:1 రూల్ అని ఒకటి ఉంది. వయొలిన్, మృదంగం పక్కపక్కన వాయిస్తున్నారనుకోండి. వయొలిన్ మైక్ దాని వాయిద్యానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, మృదంగం మైక్ వయొలిన్ మైక్‌కి కనీసం 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

ఒక్క వాయిద్యమే అయితే ముందు ఒక్క మైక్‌తోనే బాగా రికార్డ్ చేయడం నేర్చుకోండి. రెండోది తర్వాత.

గెయిన్ ఎప్పుడు సెట్ చేయాలి?

నా రెండో తప్పు ఇక్కడే. ఆలాపన చూసి గెయిన్ పెట్టాను, తానంలో పగిలింది. వాయించేవాళ్లను "మీరు అన్నిటికంటే గట్టిగా వాయించే చోటు ఒకసారి వాయించండి" అని అడిగి, అప్పుడు సెట్ చేయాలి. మీటర్‌లో పెద్ద దెబ్బలు మైనస్ 12 దగ్గర ఆగితే చాలు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే తక్కువ లెవెల్‌ని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిపోయిన ధ్వనిని మాత్రం పూర్తిగా వెనక్కి తేలేం.

తర్వాత ముప్పై సెకన్లు రికార్డ్ చేసి, ఆపి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఆ రోజు నేను ఈ ముప్పై సెకన్లు విని ఉంటే, పెద్దమ్మ నలభై నిమిషాలు దక్కేవి.

ఈ వారం హోంవర్క్

దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మీ ఇంట్లోనో, స్నేహితుల ఇంట్లోనో ఎవరైనా ఏదైనా వాయిస్తుంటే వాళ్ల చుట్టూ మెల్లగా నడవండి. ఒక చెవి మూసుకుని, వంగి, లేచి, దగ్గరికి, దూరానికి జరిగి వినండి. ఎక్కడ వాయిద్యం నిండుగా, హాయిగా వినపడిందో అక్కడ ఫోన్ పెట్టి ఇరవై సెకన్లు రికార్డ్ చేయండి. మరో రెండు చోట్ల నుంచి అదే ముక్క రికార్డ్ చేసి, మూడూ ఇయర్‌ఫోన్స్‌లో పోల్చుకోండి.

ఒక జాగ్రత్త. చాలా ఫోన్లు లెవెల్‌ని వాటంతట అవే పెంచుతాయి, తగ్గిస్తాయి. మా చెల్లి ఫోన్‌లో తానం పగలకపోవడానికి అదీ ఒక కారణం. కొన్ని ఫోన్లు తీగ మెల్లగా ఆగిపోయే ధ్వనిని కూడా నాయిస్ అనుకుని కోసేస్తాయి. రికార్డర్ యాప్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి.

ఈ మూడు క్లిప్పుల తేడా మీ చెవికి తెలిసిన రోజున మైక్ కొనుక్కోండి. అప్పుడు మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు.

మీ ఇంట్లో వాయించే పెద్దవాళ్లు ఉంటే మాత్రం మైక్ కొనేదాకా ఆగకండి. ఈ ఆదివారమే ఫ్యాన్ ఆపి, కుక్కర్ దించి, ఫోన్ పెట్టి రికార్డ్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండీ.