డెస్క్‌టాప్ సీఎన్‌సీ కొంటున్నారా? ముందు ఫ్రేమ్ చూడండి
3018 అంటే 300 × 180 మి.మీ. వర్క్ ఏరియా ఉన్న బుల్లి సీఎన్‌సీ. దీని మెదడు కంట్రోలర్ బోర్డు. పీసీ నుంచి వచ్చే జీ-కోడ్‌ని అది పల్స్‌లుగా మారుస్తుంది. వాటితో ఎక్స్, వై, జెడ్ స్టెప్పర్ మోటార్లు లీడ్ స్క్రూలను తిప్పుతాయి. చుట్టుకి 200 స్టెప్పులు, 4 మి.మీ. జరిగే స్క్రూ అయితే స్టెప్పుకి 0.02 మి.మీ. అన్నమాట!

కానీ ఇది కాగితం మీది లెక్క. స్పిండిల్‌కి బిగించిన కట్టర్ చెక్కలో దిగగానే ఫ్రేమ్ ఊగితే ఆ లెక్క గల్లంతే. పైగా ఈ మెషీన్లు చాలావరకు ఓపెన్ లూప్. స్టెప్ తప్పినా బోర్డుకి తెలీదు, తప్పు చోటే చెక్కుకుంటూ పోతుంది.

అందుకే స్పిండిల్ వాట్స్ కంటే ముందు ఫ్రేమ్ గట్టిదనం, గైడ్ రాడ్ల మందం చూడండి. చెక్క, యాక్రిలిక్, పీసీబీలకు ఇది చాలు, స్టీల్ జోలికి వెళ్లొద్దు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్, సేఫ్టీ గ్లాసెస్ మాత్రం తప్పనిసరి.