నార ముడుల్లో శిల్పి గుర్తింపు

నులక మంచాలకు, పలుపుతాళ్లకు వాడే జనపనార శిల్పానికి పనికివస్తుందా? వస్తుందని నిరూపించిన కళాకారిణి మృణాళినీ ముఖర్జీ (1949-2015). ముంబయిలో జన్మించిన ఆమెకు కళ ఇంటి వారసత్వం. తండ్రి బినోద్ బిహారీ ముఖర్జీ పేరొందిన చిత్రకారుడు. తల్లి లీల శిల్పి. బరోడాలో ఆమె కె.జి.సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రకళ అభ్యసించారు. హస్తకళల సామగ్రిని ఆధునిక కళలో వినియోగించవచ్చన్న గురువు ఆలోచన ఆమెకు దారి చూపింది.

మగ్గం లేని అల్లిక

ఆమె పనిలో మగ్గానికి చోటు లేదు. రంగులద్దిన తాళ్లను చేతితోనే ముడి పక్కన ముడి వేస్తూ మనిషి ఎత్తును మించిన ఆకృతులను నిలబెట్టేవారు. ముందుగా నమూనా గీసుకునేవారు కాదు. ముడులు పెరిగేకొద్దీ రూపం ఏర్పడేది. ఒక్కో శిల్పానికి నెలల తరబడి శ్రమించేవారు. 'యక్షి', 'వనశ్రీ' వంటి పేర్లు పెట్టినా అవి ఏ గుడిలోని విగ్రహానికీ నకళ్లు కావు. దేవత, పువ్వు, స్త్రీదేహం వాటిలో కలగలిసి కనిపిస్తాయి.

అల్లిక చేతిపనే తప్ప కళ కాదనే అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. తండ్రి రంగులను, తల్లి చెక్కను ఎంచుకోగా ఆమె తాడును చేపట్టారు. అదే ఆమె సొంత గుర్తింపయింది.

2015 జనవరిలో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆమె జీవితకాల కృషిపై ప్రదర్శన ప్రారంభమైంది. కొద్దిరోజులకే, ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు. చేతిపనిగా చిన్నచూపు చూసిన ఆ ముడులే 2019లో న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం ప్రదర్శనకు, 2022లో వెనిస్ బినాలేకు చేరాయి.